ట్రాక్టరు షెడ్డు ఎంత ఎత్తు?

(రైతు సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మద్దతు ధర గురించి, అప్పుల గురించి, సాగునీటి గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు షెడ్డు ఎత్తు గురించి మాట్లాడుకుందాం. ఇదేం విషయం, మేస్త్రిని అడిగితే చెప్పడా అని కొందరికి అనిపించవచ్చు. కానీ ట్రాక్టరు కొన్న రైతు ఏళ్ల తరబడి కిస్తీలు కడతాడు. ఆ యంత్రం ఎండకు ఎండి వానకు తడిస్తే కిస్తీలు తీరకముందే టైర్లు పగుళ్లు పడతాయి, సీటు చిరుగుతుంది, వైర్లు చెడతాయి, ఇనుము తుప్పు పడుతుంది. పోనీ అప్పో సప్పో చేసి షెడ్డు వేసుకుంటే, అది పొట్టిదై టాపు తగులుతుంది. లేదంటే మరీ ఎత్తయినదై తుపానుకు రేకులు పక్క చేలో పడతాయి. ఎటు చూసినా నష్టపోయేది రైతే.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. షెడ్డు ఎత్తును అలవాటు మీద కాకుండా కొలత మీద నిర్ణయించుకోవాలి. లోపలికి వచ్చే యంత్రాల్లో అన్నిటికన్నా ఎత్తయిన దాన్ని కొలిచి, దాని మీద అడుగున్నర ఖాళీ వదిలి, అక్కడితో ఆగాలి. అంతకు తగ్గితే యంత్రానికి దెబ్బ. అంతకు పెరిగితే డబ్బు దండగ, పైగా గాలికి పట్టు దొరుకుతుంది.

ముందు యంత్రాన్ని కొలవండి

కంపెనీ పుస్తకంలో రాసిన ఎత్తును నమ్ముకుని పునాది తీయకూడదు. ఆ అంకె ఒక పుస్తకంలో స్టీరింగు వరకే ఉంటుంది, మరో పుస్తకంలో పొగ గొట్టం వరకు ఉంటుంది. బండి ఇంటికి వచ్చాక మనం వేయించుకునే టాపు అందులో ఉండదు. మన ఊళ్లలో తిరిగే ట్రాక్టర్లు టాపు లేకుండా సుమారు ఏడు, ఏడున్నర అడుగులు, టాపుతో సుమారు ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగులు ఉంటాయి. ఇది అందాజు మాత్రమే. మీ బండిని మీరే కొలవాలి.

కొలిచే పద్ధతి తేలికే. చదునైన నేల మీద బండిని నిలపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి. అన్నిటికన్నా ఎత్తయిన చోట ఒక తిన్నని కర్రను అడ్డంగా ఆనించి, ఆ కర్ర నుంచి నేల దాకా టేపుతో కొలవండి. ఇంజను నడుస్తున్నప్పుడు పొగ గొట్టం మీది మూత లేచి నిలబడుతుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి. టాపు మీద బిగించిన లైట్లు, జెండా కర్ర, పాటల పెట్టె ఏదున్నా అదీ ఎత్తు కిందికే వస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. కొన్ని ట్రాక్టర్లకు సీటు వెనక మడిచే రక్షణ కడ్డీ ఉంటుంది. బండి తిరగబడినప్పుడు, సీటు బెల్టు పెట్టుకున్న డ్రైవరు దాని కింద నలిగిపోకుండా కాపాడేది ఆ కడ్డీయే. షెడ్డు పొట్టిదైతే లోపలికి పట్టించడం కోసం కడ్డీని మడుస్తారు. పొద్దున్నే బయటికి తీసేటప్పుడు మళ్లీ నిలబెట్టడం మరిచిపోతారు, కొన్నాళ్లకు మడిచే ఉంచేస్తారు. గట్టు దిగుతూ బండి బోల్తా పడిన రోజున మడిచిన కడ్డీ ప్రాణం కాపాడదు. కాబట్టి ఆ కడ్డీని నిలబెట్టే కొలవండి. షెడ్డు ఎత్తును కడ్డీకి తగ్గట్టు పెట్టండి, కడ్డీని షెడ్డుకు తగ్గట్టు మడవకండి.

తర్వాత ట్రాలీ. ఖాళీ ట్రాలీకి ఇబ్బంది లేదు. కోతల కాలంలో వాన ముంచుకొస్తే ధాన్యం బస్తాలతోనో, పత్తితోనో నిండిన ట్రాలీని అలాగే షెడ్డులోకి తోస్తాం. కాబట్టి బరువు వేసి, పట్టా కప్పి, తాడు బిగించిన తర్వాత ఉండే ఎత్తును కొలవాలి. వరిగడ్డి నింపిన ట్రాలీని మాత్రం షెడ్డు కొలతలోకి తేవద్దు. వేడిగా ఉన్న పొగ గొట్టం పక్కన గడ్డి ఉంచడమంటే నిప్పుతో చెలగాటమే. గడ్డి వామి దగ్గరే దిగాలి. అలాగే ఎత్తి దించే హైడ్రాలిక్ ట్రాలీ ఉన్నవాళ్లు షెడ్డు లోపల దాన్ని ఎత్తకూడదన్న నియమం పెట్టుకోవాలి. లోపలే దించుకోవాల్సిన అవసరం నిజంగా ఉంటే, పూర్తిగా లేపిన తొట్టి ఎత్తు కొలిచి ఆ ఒక్క చోటుకు కప్పు లేపించుకోవాలి.

ఇప్పుడు అడుగున్నర ఖాళీ ఎందుకో చెబుతాం. అందులో అరడుగు నేలకు. ఈరోజు మట్టి నేల, రెండేళ్లకు మొరం తోలిస్తారు, నాలుగేళ్లకు కాంక్రీటు వేయిస్తారు. కప్పు అక్కడే ఉంటుంది, నేల పైకి లేస్తుంది. ఇంకో అరడుగు బండి ఊపుకు. గడప దాటేటప్పుడు, రాంపు ఎక్కేటప్పుడు బండి పైకీ కిందికీ ఊగుతుంది. మిగతా అరడుగు బల్బుకు, వైరుకు, దూలానికి వేలాడదీసే తాళ్లకు. ఎనిమిదిన్నర అడుగుల బండి అయితే పది అడుగుల ఖాళీ సరిపోతుంది. ఇంటి ముందు కారుకో, జీపుకో వేసే షెడ్డుకు కూడా లెక్క ఇదే. పైన సామాను వేసే కారేజీని, పైకి లేచే వెనక తలుపును కలిపి కొలిస్తే చాలు. చాలా కార్లకు చూరు దగ్గర ఎనిమిది అడుగులు ఉంటే బాగానే సరిపోతుంది.

ఎక్కడ కొలవాలి?

"పన్నెండు అడుగుల షెడ్డు వేశాం" అంటారు. పన్నెండు అడుగులు ఎక్కడ అని అడిగితే ఎత్తు వైపు స్తంభం చూపిస్తారు. కానీ బండికి తగిలేది ఎత్తు వైపు కాదు, పల్లపు వైపు. ఒకే వాలు ఉన్న రేకుల షెడ్డు ఇరవై అడుగుల వెడల్పు ఉందనుకోండి. నీరు జారడానికి పదడుగులకు అడుగు చొప్పున వాలు ఇస్తే అవతలి వైపు రెండు అడుగులు తగ్గుతుంది. అంటే అక్కడ పది అడుగులే. రేకు కింద పర్లిను, పర్లిను కింద దూలం, రెండూ కలిసి ఇంకో అరడుగు నుంచి ముప్పావు అడుగు తింటాయి. మిగిలేది తొమ్మిదిన్నర అడుగుల లోపే. ముందు వైపు షట్టరు పెట్టించుకుంటే, చుట్ట చుట్టుకునే డబ్బా సుమారు అడుగు కిందికి దిగుతుంది.

కాబట్టి మేస్త్రితో, వెల్డింగు షాపుతో మాట్లాడేటప్పుడు "షెడ్డు ఎత్తు ఇంత" అని చెప్పకండి. "బండి నడిచే దారి పొడవునా, అన్నిటికన్నా కిందికి ఉన్న దూలం అడుగు నుంచి పూర్తయిన నేల దాకా ఖాళీ ఇంత ఉండాలి" అని చెప్పండి. అదే మాట కాగితం మీద రాయించుకోండి. తర్వాత మాట తేడా వస్తే ఆ కాగితమే సాక్ష్యం.

రాంపు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. వాన నీరు లోపలికి రాకుండా షెడ్డు నేలను అడుగు లేపుతాం, మంచిదే. కానీ రాంపు నిటారుగా ఉంటే, ముందు చక్రాలు పైకెక్కి వెనక చక్రాలు కింద ఉన్నప్పుడు బండి ముక్కు లేస్తుంది, పొగ గొట్టం పోయి దూలానికి తగులుతుంది. అడుగు ఎత్తుకు ఎనిమిది నుంచి పది అడుగుల పొడవున రాంపు పోయించండి. దీంతో కప్పును పెంచాల్సిన పని తప్పుతుంది.

ఎత్తు ఎక్కువైతే ఏమవుతుంది?

"ఎత్తు ఎంతుంటే అంత మంచిది, గాలి ఆడుతుంది" అనే మాట ఊళ్లలో తరచు వింటుంటాం. మనుషులు పడుకునే చోట, పశువులు కట్టేసే చోట అందులో నిజం ఉంది. రేకు వేడి నెత్తి మీదికి దిగకుండా ఉండాలంటే ఎత్తు కావాలి. కానీ ట్రాక్టరుకు కావాల్సింది నీడ, పొడి. ఆ రెండూ ఎత్తు పెరిగేకొద్దీ తగ్గుతాయి.

వానను చూడండి. గాలివాన నలభై అయిదు డిగ్రీల వాలున కొట్టిందనుకుంటే, చూరు ఎన్ని అడుగుల ఎత్తులో ఉంటే జల్లు అన్ని అడుగుల లోపలికి వస్తుంది. ఇరవై అడుగుల లోతున్న షెడ్డుకు తెరిచిన వైపు చూరు పద్నాలుగు అడుగుల ఎత్తులో ఉంటే, పద్నాలుగు అడుగులు తడిసి ఆరు అడుగులే పొడిగా మిగులుతుంది. అదే చూరు పది అడుగుల దగ్గర ఉంటే సగం షెడ్డు పొడిగా ఉంటుంది. సాయంత్రపు ఎండకూ ఇదే లెక్క. అందుకే తెరిచిన ముఖం పడమరకు గానీ, మీ ఊళ్లో వాన కొట్టే దిక్కుకు గానీ పెట్టకండి. తప్పనిసరైతే కప్పును లేపడం మాని చూరును రెండు మూడు అడుగులు ముందుకు జరిపించండి.

ఇక గాలి. మన తీరం వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది. కట్టడాలు ఎంత గాలిని తట్టుకోవాలో భారతీయ ప్రమాణాల్లో ఊరూరికీ అంకెలు ఉన్నాయి. విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు. కర్నూలుకు 39 మీటర్లు. ఆ వేగాలతో గాలి వీస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి తీరంలో సుమారు 150 కిలోలు, హైదరాబాదు దగ్గర 118 కిలోలు, కర్నూలు దగ్గర 93 కిలోలు. మనం వేసే అరమిల్లీ మందం రేకు చదరపు మీటరుకు 5 కిలోల బరువు కూడా సరిగా ఉండదు.

నాలుగు వైపులా తెరిచిన షెడ్డులోకి, ఒక వైపు తెరిచిన షెడ్డులోకి గాలి దూరి కప్పును కింది నుంచి తోస్తుంది. పై నుంచి వెళ్లే గాలి కప్పును పైకి లాగుతుంది. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవున్న షెడ్డు కప్పు సుమారు 56 చదరపు మీటర్లు. తీర ప్రాంతపు గాలి ఒత్తిడి అంతా కప్పును లేపడానికే పనిచేస్తే అది 80 క్వింటాళ్లకు పైమాటే. ఆరు స్తంభాలుంటే ఒక్కో స్తంభం మీద సుమారు 14 క్వింటాళ్లు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంత తీసి కాంక్రీటు నింపితే దాని బరువు సుమారు 8 క్వింటాళ్లు. అంటే షెడ్డు కూలకుండా ఉండటం ఒక ఎత్తు, లేచిపోకుండా ఉండటం మరో ఎత్తు. తీరం వాళ్లు గుంత కొలతలు, స్తంభాల సంఖ్య తెలిసిన ఇంజనీరుతో లెక్క వేయించుకోవాలి.

ఇందులో ఎత్తు పాత్ర ఏమిటి? పక్క నుంచి గాలి తోసినప్పుడు స్తంభం మొదట్లో పడే వంపు బలం ఎత్తుతో పాటు పెరుగుతుంది. అదే గాలి, అదే కప్పు అనుకున్నా, పది అడుగుల స్తంభాన్ని పద్నాలుగు అడుగులు చేస్తే మొదట్లో బలం 1.4 రెట్లు పెరుగుతుంది. అదే పైపు వాడితే పైన ఊగడం 2.7 రెట్లు దాకా పెరుగుతుంది. ఆ ఊపుకు బోల్టులు వదులవుతాయి, రేకు కన్నాలు పెద్దవవుతాయి, చివరికి రేకు ఊడుతుంది. నాలుగు అడుగులు పెంచిన రైతు పైపు కూడా లావుది వేయాలి, పునాది కూడా పెంచాలి. చాలామంది ఎత్తు పెంచుతారు, పైపు మాత్రం పాతదే వేస్తారు. ప్రమాదం అక్కడే ఉంది.

ఎంత ఎత్తు పెట్టినా మూడు పనులు మానకూడదు. స్తంభాల మధ్య అడ్డ కట్లు, మూలల్లో ఏటవాలు క్రాసులు వేయించాలి. చూరు దగ్గర, అంచుల దగ్గర రేకు బోల్టులు మిగతా చోట్లకన్నా దగ్గర దగ్గరగా బిగించాలి, ఎందుకంటే గాలి ముందుగా లేపేది అంచునే. ప్రతి ఏడాది వానాకాలానికి ముందు ఒకసారి నిచ్చెన వేసి బోల్టులు సరిచూసుకోవాలి.

హార్వెస్టరు ఉంటే?

వరి ప్రాంతాల్లో ఇప్పుడు వచ్చే ప్రశ్న ఇది. కోత మిషను ట్రాక్టరుకన్నా బాగా ఎత్తు. చక్రాల మిషను ఒక ఎత్తు, చైను మిషను ఒక ఎత్తు. గింజల తొట్టి మూతలు తెరిస్తే ఇంకో ఎత్తు. మీ మిషను కొలిస్తే పన్నెండు అడుగులు వచ్చిందనుకుందాం. అడుగున్నర కలిపితే పదమూడున్నర. అప్పుడు షెడ్డు మొత్తాన్ని పదమూడున్నరకు లేపాలా?

అక్కర్లేదు. మధ్యలో ఒక గది మాత్రం ఎత్తుగా వేసి, దానికి ఇరుపక్కలా పంచలాగా దించండి. ఎత్తయిన గదిలో హార్వెస్టరు, పది అడుగుల పంచలో ట్రాక్టర్లు, ట్రాలీ. వెనక ఏడు అడుగుల పంచలో రోటవేటరు, గొర్రు, నాగళ్లు, విత్తే గొర్రు, దమ్ము చక్రాలు. పనిముట్లకు మనిషి తల తగలనంత ఎత్తు చాలు. ఇలా వేస్తే ఇనుము తగ్గుతుంది, జల్లు తగ్గుతుంది, పక్క పంచలు మధ్య గదికి ఊతంగా నిలుస్తాయి. మన పెద్దలు మండువా ఇళ్లకు చుట్టూ వసారాలు దించింది కూడా ఇలాంటి ఆలోచనతోనే.

హార్వెస్టరు ఇప్పుడు లేదు, నాలుగేళ్లకు కొంటామేమో అనేవాళ్లు కూడా ఇప్పుడే ఎత్తు పెంచనక్కర్లేదు. పక్కన ఒక గదికి జాగా వదిలి, ఆ వైపు స్తంభాల పునాది కాస్త బలంగా వేయించుకుంటే సరిపోతుంది.

తాటాకు, గడ్డి పాకల్లో ట్రాక్టరు పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. పొగ గొట్టం నిలిచే చోట, దాని చుట్టుపక్కల ఆకు కప్పు ఉండకూడదు. అంతమేర రేకు వేయించండి. అలాగే మూడు వైపులా గోడలు, ముందు షట్టరు ఉన్న షెడ్డులో తలుపు మూసి ఇంజను నడపకండి. ఆ పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది. కప్పు ఎంత ఎత్తున్నా అది మనిషిని వదలదు. చూరు కింద గాలి పోయే సందులు తప్పక ఉంచండి.

పైన తీగలు చూశారా?

టేపు పట్టుకుని కిందికి చూసే ముందు తలెత్తి పైకి చూడాలి. మన చేలల్లో కరెంటు తీగలు ఎలా వేలాడుతున్నాయో అందరికీ తెలుసు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం 11 కేవీ లైను కట్టడం మీదుగా వెళ్తే కప్పులో అన్నిటికన్నా ఎత్తయిన చోటు నుంచి 3.7 మీటర్లు, అంటే పన్నెండు అడుగులకు పైగా దూరం ఉండాలి. పక్కగా వెళ్తే 1.2 మీటర్లు, అంటే నాలుగు అడుగులు. ఇళ్లకు, మోటార్లకు వచ్చే తక్కువ వోల్టేజి తీగకు పైన 2.5 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు. 33 కేవీ అయితే పైన 3.7, పక్కన 2 మీటర్లు.

లెక్క వేయండి. ఎత్తు వైపు పన్నెండు అడుగుల షెడ్డు మీద 11 కేవీ తీగ ఉండాలంటే అది నేల నుంచి ఇరవై నాలుగు అడుగుల పైన ఉండాలి. రోడ్లకు దూరంగా చేల మీదుగా వెళ్లే తీగ నేల నుంచి 4.6 మీటర్లు, అంటే పదిహేను అడుగులు ఉంటే చాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. అంటే చేలో లైను కింద ట్రాక్టరు షెడ్డు వేయడం దాదాపు ఎక్కడా కుదరని పని. లైను కింద జాగా ఖాళీగా ఉంది కదా అని వేయకండి. షెడ్డు పూర్తయ్యాకే కాదు, వేసేటప్పుడు కూడా ప్రమాదమే. ఇరవై అడుగుల పైపును నిలబెట్టేటప్పుడు, పొడవాటి రేకును పైకి అందించేటప్పుడు తీగకు తగిలితే పోయేవి కూలీల ప్రాణాలు. వేరే జాగా లేకపోతే లైను మార్చమని ముందుగా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, మార్చిన తర్వాతే గుంత తీయండి. ఆ దరఖాస్తుల వెంట సంఘం నిలబడుతుంది.

ఉమ్మడి షెడ్డు, మన డిమాండ్లు

ఎకరం, రెండెకరాల రైతు ఒక్కడే షెడ్డు వేసుకోవడం కష్టం. యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలు, రైతు గ్రూపులు, సహకార సంఘాలు కలిసి ఒక షెడ్డు వేసుకోవచ్చు. అలాంటి చోట గ్రూపులోని యంత్రాలన్నిటి ఎత్తులూ ఒక పుస్తకంలో రాసి, అందరి ముందు చదివి, ఆ తర్వాత షెడ్డు ఎత్తు తీర్మానం చేయాలి. తర్వాత షెడ్డు ముందు దూలానికి ఖాళీ ఎంత ఉందో పెద్ద అంకెలతో రాయించాలి. అద్దెకు తెచ్చిన డ్రైవరుకు మన షెడ్డు ఎత్తు తెలియదు కదా.

సంఘం తరఫున మనం మూడు విషయాలు అడుగుతున్నాం. ఒకటి, యంత్రాలకు సబ్సిడీ, అప్పు ఇచ్చేటప్పుడు వాటిని ఉంచే షెడ్డు ఖర్చును కూడా అంచనాలో చేర్చాలి. యంత్రం ఇచ్చి ఆరుబయట వదిలేస్తే ప్రజల సొమ్ము తుప్పు పట్టినట్టే. రెండు, యంత్రం అమ్మేవాళ్లు టాపుతో, కడ్డీ నిలబెట్టి ఉన్న ఎత్తును తెలుగులో రాసి ఇవ్వాలి. మూడు, చేలల్లో వేలాడే తీగలను వానాకాలానికి ముందే సరిచేయాలి, అందుకయ్యే ఖర్చును రైతు నెత్తిన వేయకూడదు.

ఇక్కడి నుంచి వెళ్లిన కార్యకర్తలు ఈ నెలలో తమ గ్రామ శాఖలో ఒక పూట కేటాయించాలి. ఒక టేపు, ఒక తిన్నని కర్ర, ఒక నోటు పుస్తకం చాలు. ఊళ్లో ఉన్న ట్రాక్టర్లు, ట్రాలీలు, మిషన్లు కొలవండి. ఉన్న షెడ్ల కింది దూలం ఎత్తు కొలవండి. షెడ్ల మీదుగా పోయే తీగలు రాసుకోండి, కానీ కర్రతో గానీ టేపుతో గానీ తీగను కొలవబోకండి, దూరం నుంచి చూసి రాయండి. ఆ జాబితా వచ్చే సమావేశానికి తీసుకురండి. ఏ ఊళ్లో ఎన్ని షెడ్లు తీగల కింద ఉన్నాయో చేతిలో లెక్క ఉంటే, విద్యుత్ అధికారులను గట్టిగా అడగగలుగుతాం.